సేవకు నర్సు, సంతకానికి డాక్టరా?

మన ఊళ్లలో డిగ్రీ లేని మగవాళ్లు 'ఆర్‌ఎంపీ డాక్టర్' అని బోర్డు కట్టుకుని సూదులేస్తారు, సెలైన్లెక్కిస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే వాళ్లకు శిక్షణ ఇచ్చి గుర్తించడానికి పూనుకుంది. నాలుగేళ్లు బి.ఎస్సీ. నర్సింగ్ చదివి, కౌన్సిల్‌లో నమోదైన స్త్రీ అదే ఊళ్లో సొంత క్లినిక్ పెడతానంటే మాత్రం అందరికీ చట్టం గుర్తొస్తుంది. ఇది నైపుణ్యం ముసుగు వేసుకున్న అధికార సమస్య అని నేనంటాను.

షెడ్యూల్ హెచ్ మందులకు రిజిస్టరైన డాక్టరు చీటీ కావాలి. నర్సు తన పేరున రాసిన చీటీ చెల్లదు. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించి, కొన్ని సందర్భాల్లో గడువును 24 వారాలకు పెంచారు. తొలి వారాల్లో మాత్రలిచ్చే అధికారం మాత్రం డాక్టర్ల చేతుల్లోనే ఉంచారు. శిక్షణ పొందిన నర్సులు ఆ పని చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసింది. విన్నదెవరు?

ప్రభుత్వానికి ఆమె సామర్థ్యం తెలియదా? 2018 నుంచి పల్లె ఆరోగ్య కేంద్రాలను నడపడానికి నర్సులనే 'మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు'గా కాంట్రాక్టు మీద తీసుకుంటోంది. అదే ఏడాది 18 నెలల శిక్షణతో నర్స్ ప్రాక్టీషనర్ మిడ్‌వైఫ్‌లను తయారుచేసే మార్గదర్శకాలు తెచ్చింది. వాళ్లకు చూపిన చోటు ప్రభుత్వాసుపత్రే. సర్కారు గొడుగు కింద చేతనైన పని సొంత గొడుగు కింద చేతకాకుండా పోతుందా?

రోగుల ప్రాణాలకు ముప్పని వైద్యసంఘాలంటాయి. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ మీద భారతీయ వైద్య సంఘం సమ్మె చేసింది. పరిమిత వైద్యానికి లైసెన్సు ఎవరికిస్తారో ఆ సెక్షన్‌లో స్పష్టత లేదన్నది నిజమే. అయితే స్పష్టత అడగాలి గానీ తలుపు మూయడమేమిటి? తనకు మించిన కేసును పెద్దాసుపత్రికి పంపడం ఎంబీబీఎస్ డాక్టరుకూ తప్పదు కదా!

చట్టం అనుమతించినా అడ్డంకులు తీరవు. అప్పుకు తాకట్టు పెట్టాల్సిన పట్టా భర్త పేరునో మామ పేరునో ఉంటుంది. అర్ధరాత్రి కాన్పుకు వెళ్లిన నర్సు నడతను ఊరు తూకం వేస్తుంది. రక్తం, మైల ముట్టే పనిని కులానికీ స్త్రీకీ అంటగట్టిన సమాజం ఆ చేతిని వాడుకుంటుంది, గౌరవించదు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. పట్టే చేతికి సంతకం చేసే హక్కు మాత్రం లేదు!

కాబట్టి మనం అడగాల్సింది 'నర్సమ్మల'పై జాలి కాదు. నర్సు ఏ మందులు రాయవచ్చో చట్టంలో జాబితా కావాలి. తన పేరున క్లినిక్ నమోదు చేసుకునే వీలు కావాలి. తాకట్టు లేని రుణం కావాలి. పొరపాటు జరిగితే జవాబుదారీ కూడా ఆమెదే కావాలి. హక్కూ బాధ్యతా రెండూ ఆమె చేతికివ్వండి.