అంగడి లెక్కలకూ అద్దె: సాఫ్ట్‌వేర్ మార్పుల్లో ఏది కట్టాలి, ఏది అక్కర్లేదు

గోరంట్ల మండలం పాలసముద్రంలో కస్టమ్స్, పరోక్ష పన్నుల జాతీయ అకాడమీ ఉంది. నాసిన్ అంటే అదే. 2024 జనవరి 16న ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని ప్రారంభించారు. జీఎస్టీ అధికారులకు శిక్షణ ఇచ్చే చోటు అది. అదే మండలంలో, గోరంట్ల బజారులో, ఆ జీఎస్టీ కట్టే అంగళ్లు ఉన్నాయి. కొత్త రూలు వస్తే అధికారులకు క్లాసు పెడతారు. అంగడి మనిషికి మాత్రం కంప్యూటర్ తెర మీద వచ్చే ఎర్ర అక్షరాలే క్లాసు. ‘మీ గడువు ముగిసింది, రెన్యువల్ చేయండి’ అని వస్తుంది. దేనికి గడువు, కట్టకపోతే ఏమవుతుంది అని చెప్పేవాళ్లు ఉండరు.

2025లో ఈ ఒత్తిడి రెండు వైపుల నుంచి వచ్చింది. సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, 22 నుంచి అమల్లోకి వచ్చాయి. మధ్యలో ఉన్నది మూడు వారాల కంటే తక్కువ. కుట్టు మిషన్ 12 శాతం నుంచి 5కి, సిమెంట్ 28 నుంచి 18కి వచ్చాయి. రెడీమేడ్ బట్టల్లో ఒక్కో పీసు 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆ పైన 18 శాతం అయింది. బట్టల అంగడిలో ఉండేవి వందల రకాలు. ప్రతి రకానికీ రేటు సరిచూసుకోవాల్సిందే. ఇలాంటి సమయంలోనే ‘రెన్యువల్ కట్టకపోతే బిల్లే రాదు’ అనే మాట నోటినోటా పాకుతుంది. ఆ మాట పూర్తిగా నిజం కాదు.

మన దగ్గర ఎక్కువమంది వాడేది టాలీ. 1986లో మొదలైన బెంగళూరు కంపెనీ ఇది. 2020 నవంబర్‌లో పాత ఈఆర్‌పీ 9 స్థానంలో టాలీ ప్రైమ్ వచ్చింది. దీన్ని కొనే పద్ధతులు రెండు. ఒకటి శాశ్వత లైసెన్సు. దానితో పాటు ఏడాదికోసారి కట్టే టీఎస్‌ఎస్ అనే సర్వీసు చందా ఉంటుంది. రెండోది నెలకో, మూడు నెలలకో కట్టే అద్దె. శాశ్వత లైసెన్సు ఉన్నవాళ్లకు టీఎస్‌ఎస్ గడువు అయిపోయినా ప్రోగ్రాం ఆగదు. అప్పటికి చేతిలో ఉన్న వెర్షన్ నడుస్తూనే ఉంటుంది. ఆగేవి కొత్త వెర్షన్లు, నెట్ ద్వారా పోర్టల్‌తో నేరుగా కలిసే సౌకర్యాలు. పన్ను రేటును సరుకు వివరాల్లోకి వెళ్లి, ఫలానా తేదీ నుంచి అని పెట్టి, చేత్తో మార్చుకోవచ్చు. అద్దె లైసెన్సు సంగతి అలా కాదు. అద్దె ఆగిన రోజున కొత్త బిల్లు వేయడం కూడా ఆగుతుంది. మీ దగ్గర ఉన్నది ఏ రకమో తెలియకుండా ఫోన్‌లో ఎవరో చెప్పారని డబ్బు పంపకండి.

ఇంకో రెండు భయాలు కూడా ఉన్నాయి. ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి అయ్యేది ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లకు, 2023 ఆగస్టు 1 నుంచి. పుస్తకాల్లో ప్రతి దిద్దుబాటూ నమోదయ్యే ‘ఎడిట్ లాగ్’ నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది గానీ, అది కంపెనీల చట్టం కింద రిజిస్టర్ అయిన కంపెనీలకే. సొంత పేరు మీదో, అన్నదమ్ముల భాగస్వామ్యంలోనో నడిచే అంగడికి అది వర్తించదు. నెలకు వందల బిల్లులు, బయట ఊళ్లకు సప్లై ఉన్నవాళ్లకు టీఎస్‌ఎస్ కట్టడం లాభమే అని నా అభిప్రాయం. రోజుకు పది బిల్లులు రాసే చిన్న అంగడి ఏడాదేడాదీ తప్పకుండా కట్టాల్సిన పని లేదు.

రెండో దెబ్బ విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది. ఆఫీస్ 2016, 2019లకూ అదే రోజు ఆఖరు. కంప్యూటర్ ఆరిపోదు, పని చేస్తూనే ఉంటుంది. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మాత్రం మరమ్మతు రాదు. విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 అనే చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న పాత సిస్టమ్‌లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. ఇళ్లలో వాడేవాటికి 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు ఇచ్చారు. సంస్థలకైతే ఒక్కో కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, మూడేళ్ల దాకా. ఆ లెక్కన పాత డబ్బాకు వైద్యం చేయించే బదులు కొత్తది కొనడమే చవక. బ్యాంకు లావాదేవీలు జరిగే కంప్యూటర్‌ను ముందు మార్చండి. లెక్కలు మాత్రమే ఉన్నదాన్ని నెట్ తీసేసి ఇంకొన్నాళ్లు నడుపుకోవచ్చు.

డీటీపీ అంగళ్ల గొడవ ఇంకా పాతది. ఒకే షాదీ కార్డు మీద ఒక వైపు ఉర్దూ, ఇంకో వైపు తెలుగు వేసే చోట రెండు ప్రపంచాలు ఉంటాయి. ఉర్దూకి ఇన్‌పేజ్, తెలుగుకి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌ను అడోబీ ఎప్పుడో ఆపేసింది. 2013లో ఆ కంపెనీ తన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందాకు మార్చేసింది. ఒకసారి కొని పదేళ్లు వాడుకునే కాలం అక్కడితో పోయింది. ఈ చందా భారం మోయలేక దొంగ కాపీలతో నడిపే అంగళ్లు తక్కువేం కాదు. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ చదివితే నిద్ర పట్టదు. దొంగ కాపీ అని తెలిసీ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా.

దారి లేకపోలేదు. నస్తాలీఖ్ రాతకు గూగుల్ వాళ్ల నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు ఉచితం. తెలుగులో మండలి, రామరాజ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితం. లిబ్రేఆఫీస్, స్క్రైబస్ ఉచితమే. అయితే పాత అను ఫైళ్లు యూనికోడ్ కావు. మార్చేటప్పుడు ఒత్తులు, దీర్ఘాలు చెదురుతాయి, కూర్చుని దిద్దుకోవాలి. పెళ్లిళ్ల సీజన్‌లో కాకుండా పని తక్కువున్న నెలల్లో ఈ మార్పు పెట్టుకోవడం మేలు.

చందా డబ్బు ఖాతాలోంచి దానంతటదే పోయే విషయంలో రిజర్వు బ్యాంకు రూలు మనకు అండ. 2021 అక్టోబర్ 1 నుంచి, ఆటోమేటిక్‌గా డబ్బు తీసేముందు కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి, వద్దంటే ఆపే వీలివ్వాలి. ఇలాంటి చందా 15 వేలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. కాని గల్ఫ్‌లో ఉన్న కొడుకు అక్కడి కార్డు మీద కడుతుంటే ఈ రక్షణ లేదు, అది ఇక్కడి బ్యాంకు కార్డు కాదు కదా. 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన 13 మోసపు పద్ధతుల జాబితాలో చందా ఉచ్చు, సాఫ్ట్‌వేర్ సర్వీసు బిల్లింగ్ మోసాలు రెండూ ఉన్నాయి. ఫిర్యాదుకు 1915కి ఫోన్ చేయవచ్చు. ‘వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కావు’ అంటే ఒప్పుకోవద్దు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవాళ్లను 2019 చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

పెద్ద కంపెనీలకూ ఈ బాధ తప్పలేదు. 2025 జూలైలో ఐరోపా ఆంక్షల పేరుతో నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. డబ్బు కట్టిన కస్టమరే ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కాక అవి తిరిగొచ్చాయి. ఆ తర్వాత కేంద్ర మంత్రులు జోహో వైపు మళ్లడం చూశాం. మంచిదే. కాని స్వదేశీ కంపెనీ అయినా అద్దె అద్దెనే. తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది.

అందుకే ఖాతా ఎవరి పేరున ఉందో చూసుకోవాలి. టాలీ లైసెన్సు ఒక ఈమెయిల్‌కు ముడిపడి ఉంటుంది. పెట్టిచ్చిన కుర్రాడి మెయిలో, మానేసిన అకౌంటెంట్ మెయిలో ఉంటే ఈ వారమే మీ మెయిల్‌కు, మీ ఫోన్ నంబర్‌కు మార్పించుకోండి. చందా కొనేటప్పుడు జీఎస్టీ నంబర్ ఇస్తే ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లకు రాదు. ఇక జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. క్లౌడ్ చందా మానేసినా ఈ ఆరేళ్ల బాధ్యత పోదు. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వదిలేస్తున్నా, చందా ఆగకముందే ఏడాదివారీగా లెడ్జర్లు, బిల్లులు పీడీఎఫ్‌లోనూ ఎక్సెల్‌లోనూ దించి, ఒక పెన్‌డ్రైవ్ అంగట్లో, ఇంకోటి ఇంట్లో పెట్టుకోండి.