చెప్పుల కాపలా చాలు, బ్యాటు ఇవ్వండి

2025 నవంబర్ 23న కొలంబోలో మన దేశపు అంధ మహిళల జట్టు నేపాల్‌ని 7 వికెట్ల తేడాతో ఓడించి, మొట్టమొదటి అంధ మహిళల టీ20 ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో పాంగి కరుణ కుమారి ఉంది. ఎక్కడి పిల్లనుకున్నారు? మన జిల్లాలకి పొరుగునే ఉన్న పాడేరు మన్యంలోని వంట్లమామిడి. ఆదివాసీ బిడ్డ. విశాఖలో అంధ బాలికల ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటూ ఆటలోకి వచ్చింది.

ఇలాంటప్పుడు పేపర్లకి చీకటి, వెలుగు, విధి, పట్టుదల అనే మాటలే దొరుకుతాయి. పట్టుదల లేకపోతే పిల్ల అక్కడిదాకా పోదు, నిజమే. కానీ పట్టుదల ఒక్కటే చాలితే మన పేటల నుంచి ఈపాటికి జట్లకి జట్లు బయల్దేరాలి గదా! ఆడేవాళ్ళకి హాస్టల్ కూడు కావాలి. ఆట చూపించే మాస్టారు కావాలి. చేతికి బ్యాటు, కాళ్ళ కింద జాగా కావాలి. మనం అడగాల్సింది వీటి లెక్క.

మా బళ్ళలో ఏం జరుగుతోందో చెప్తాం. డ్రిల్లు పీరియడ్ గంట కొట్టగానే పిల్లలంతా బయటికి పరిగెడతారు. చూపు సరిగా లేనోణ్ణి, కాలు ఈడ్చి నడిచే గుంటని చెట్టు కింద కూకోబెట్టి మిగతా పిల్లల చెప్పులూ సంచులూ ముందర పోస్తారు. "చూస్తుండమ్మా" అంటారు. పదేళ్ళ చదువులో ఆ పిల్లలు నేర్చుకున్న ఆట చెప్పుల కాపలా. ఇంట్లో అడిగితే, "గుడ్డి గుంటకి ఆటలేటి మాస్టారూ, పడితే ఎవరు చూస్తారు?" అంటారు. ఆ తల్లి మాటకి మేం కోప్పడం. పొద్దున్నే ఉపాధి పనికి పోయే మనిషి, దెబ్బ తగిలితే ఆస్పత్రికి పరిగెత్తాల్సింది తనేనని లెక్క వేసుకుంటుంది.

ఇంకో భయం కూడా ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. ఆడుతున్నాడని తెలిస్తే పింఛను కోసేస్తారేమోనని. 2025లో సదరం సర్టిఫికెట్లు మళ్ళీ తనిఖీ చేశాక ఈ భయం ఎక్కువైంది. డాక్టరు శాతం వేసేది కన్నునీ కాలునీ పరీక్ష చేసి. బంతి కొట్టగలడా లేదా అని కాదు. ఈ సంగతి గడప గడపకీ చెప్పండి.

ఈ ఆట ఎలా ఆడతారో కూడా మన కార్యకర్తలకి తెలియాలి. బంతి గట్టి ప్లాస్టిక్‌ది, తెల్లగా ఉంటుంది, లోపల ఇనప గుళ్ళు గలగలమంటాయి. చెయ్యి పైకెత్తి విసరడం లేదు, భుజం కిందనుంచి నేలబారుగా వదలాలి. పిచ్ సగం దాటకముందే బంతి ఒకసారైనా నేలకి తగలాలి. వేసేవాడు ముందు "రెడీ?" అని అడుగుతాడు, బ్యాటువాడు "ఎస్" అన్నాక "ప్లే" అని వదులుతాడు. బ్యాటువాడు వంగి, చెవి నేలకి దగ్గర పెట్టి, గలగల ఎటునుంచి వస్తోందో పట్టుకుని అడ్డంగా ఊడ్చినట్టు కొడతాడు. పదకొండుమందిలో కనీసం నలుగురు బొత్తిగా చూపు లేనివాళ్ళే ఉండాలి. వాళ్ళు కొట్టిన పరుగులు రెట్టింపు లెక్క. వాళ్ళకి బదులు పరిగెత్తడానికి మనిషిని ఇస్తారు. ఒక గెంతు పడ్డాక వాళ్ళు పట్టినా అది క్యాచే.

ఈ రెట్టింపు లెక్కని చూడండి. అది జాలి అని అక్కడ ఎవరూ అనరు. చూపు లేనివాడు లేకుండా జట్టే కట్టకూడదని ఆట చట్టంలోనే రాసుకున్నారు. మన రిజర్వేషన్ మాట వచ్చేసరికి మెరిట్ మెరిట్ అని గుండెలు బాదుకునే పెద్దలు ఈ లెక్క ఒకసారి చదివితే బాగుణ్ణు.

ఎవరికి బ్యాటు ఇవ్వాలన్నది ఈ దేశంలో పాత తగాదాయే. పల్వంకర్ బాలూ చమార్ కులంవాడు. పూనాలో తెల్లదొరల క్లబ్బులో నెలకి 4 రూపాయల జీతానికి పిచ్ చదును చేసి, నెట్లు కట్టేవాడు. దొరలకి గంటల తరబడి బంతులు వేసేవాడు, బ్యాటు మాత్రం చేతికి ఇవ్వలేదు. హిందూ జట్టులోకి తీసుకున్నాక కూడా టీ బయటే, మట్టి పిడతలోనే. 1911లో ఇంగ్లండు పోయి 114 వికెట్లు తీసిన ఆ మనిషిని హిందూ జట్టుకి కెప్టెన్ని చెయ్యలేదు. (1937లో కాంగ్రెస్ ఆయన్నే బాబాసాహెబ్ మీద పోటీకి దింపింది. బాబాసాహెబ్ గెలిచారు. అది వేరే కథ.) మరి మన విజయనగరం రాచబిడ్డ విజ్జీ? డబ్బు పోసి హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి తెల్ల ఆటగాళ్ళని తన జట్టుకి రప్పించుకున్నాడు. 1936లో దేశానికే కెప్టెన్ అయి, 3 టెస్టుల్లో మొత్తం 33 పరుగులు చేశాడు. విజయనగరంలో స్టేడియం విజ్జీ పేరునే ఉంది.

2015 చివర ప్రధానమంత్రి మోదీ వికలాంగులని 'దివ్యాంగులు' అనమన్నారు. అంతకుముందు గాంధీ మనల్ని 'హరిజనులు' అన్నాడు. పేరులో దేవుణ్ణి పెట్టి చేతిలో ఏమీ పెట్టకపోవడం మనకి కొత్త కాదు. ఈ పిల్లలకి దివ్యత్వం అక్కర్లేదు, డ్రిల్లు పీరియడ్ కావాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ ఆటల గురించే. ఆటల కార్యక్రమాల్లో వీళ్ళకి చోటుండాలి, మైదానాలు వీళ్ళకి తగ్గట్టు మార్చాలి, డబ్బు కేటాయించాలి, వీళ్ళకోసం పోటీలు పెట్టాలి అని ఉంది. సోమవారం అర్జీ పట్టుకుపోయేటప్పుడు "దయచేసి" అని మొదలెట్టకండి, ఆ సెక్షన్ నంబరు మొదట రాయండి. పేటలో ఉన్న పిల్లల పేర్లు, వయసు, చదివే బడి, ఆ బడి మైదానం పిల్లల చేతిలో ఉందా, ఊరి పెద్దల కళ్ళంగా మారిందా, అంతా రాయండి. మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచరుని కలిసి, గలగల బంతి తెప్పించమని అడగండి. హాస్టల్ సీటు అడగడం మరవొద్దు. ఆట నేర్పే బడి దూరంలో ఉంటే, రోజూ పిల్లని దింపి రావడానికి కూలి మానుకోలేం గదా.

ఏప్రిల్ 14కి మన పేటల్లో ఎలాగూ క్రికెట్ టోర్నమెంట్లు పెడతారు, చందాలు వసూలు చేస్తారు, కప్పులు కొంటారు. ఈసారి అందులో ఒక పూట గలగల బంతి ఆట పెట్టండి. చూపున్న కుర్రాళ్ళు కళ్ళకి గుడ్డ కట్టుకుని దిగండి. చందా పుస్తకంలో మైకు సెట్టు కంటే ముందు ఆ బంతి ఖర్చు రాయండి.