ఇంటి మొదటి విద్యార్థి

ఏటేటా పరీక్షాఫలితములు వెలువడిన పిదప రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము, ఏలూరు పట్టణముల కళాశాలలలో వేలకొలది బాలబాలికలు క్రొత్తగా చేరుచున్నారు. వారిలో కొందరు తాతలనాటినుండియు విద్యాగంధము గల యిండ్లవారు. తల్లిదండ్రులలో నొక్కరును కళాశాల గడప త్రొక్కి యెరుగనివారు మరికొందరు. కౌలురైతుల బిడ్డలు, వరినాట్లకు పోవు కూలీల బిడ్డలు, మగ్గము నేయువారి బిడ్డలు, కడలియొడ్డున వల లాగువారి బిడ్డలు, కువైటునకు పోయి పరుల యిండ్లలో పాచిపని చేసి సొమ్ము పంపు తల్లుల బిడ్డలు, వీరందరును నేడు పట్టభద్రులము కావలెనని బయలుదేరినారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. కాని చేరినవారిలో కడవరకు నిలుచువా రెందరు అని యడిగినచో ఆ సంతోషము కొంత తగ్గక మానదు.

విద్యాలయములు లేవని మనము వాపోవలసిన పని లేదు. రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు మూలమైన పాఠశాల 1853లో వెలసినది. కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల 1884 నాటిది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. 1945లో భీమవరమునను, ఏలూరునను కళాశాలలు వెలసినవి. 2006లో రాజమహేంద్రవరమునకు నన్నయ పేరిట విశ్వవిద్యాలయమే వచ్చినది. ద్రవ్యసహాయమును లేకపోలేదు. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు ఉన్నతవిద్యా వేతనములు 1944లో, అంబేద్కరుగారు వైస్రాయి కార్యనిర్వాహక సభలో సభ్యులుగా నున్నప్పుడే ఆరంభమైనవి. 2008 ప్రాంతమున మన రాష్ట్రమున బోధనా రుసుములను ప్రభుత్వమే చెల్లించు పద్ధతి విస్తరించి, వెనుకబడిన తరగతులవారికిని, ఇతర పేదలకును వర్తించినది. ద్వారము తెరువబడిన మాట నిజము. లోపలికి వచ్చినవాని గతి యేమి అనునదే నేటి ప్రశ్న.

గోదావరి రైతునకు ఈ సంగతి వేరుగా బోధింప నక్కరలేదు. 1847 మొదలు 1852 వరకు శ్రమించి కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టినాడు. ఆనకట్ట కట్టినంతమాత్రమున శివారు చేను పండినదా? కాలువలు త్రవ్వవలసి వచ్చినది, లాకులు కట్టవలసి వచ్చినది, పంటబోదెలు తీయవలసి వచ్చినది. నేటికిని దాళ్వాకు నీరు చాలనియెడల వంతులు వేసికొందుము. తలకాలువ నిండుగా పారుచుండగా శివారు చేను నెర్రెలు వారుట మనము కన్నులార చూచినదే. విద్యావిషయమునను ఇంతే. ప్రభుత్వము మంజూరు చేసిన సహాయము తలకాలువలోని నీరు. ఇంటికి మొదటి విద్యార్థి యైనవాడు శివారు చేను. ఆ కడపటి బోదెను త్రవ్వువారు కావలెను.

ఏమిటి యా బోదె? మొదటిది మార్గజ్ఞానము. చదువుకొన్న యింటి బిడ్డకు ఏ శాఖలో చేరవలెనో, ఏ పరీక్ష వ్రాసిన ఏ దారి తెరచుకొనునో భోజనముల వేళ తండ్రియో, అక్కయో చెప్పుదురు. హాజరు తగ్గినచో పరీక్షకు కూర్చుండనీయరనియు, తప్పిన పరీక్షకు మరల రుసుము కట్టి వ్రాయవచ్చుననియు వానికి ఎవ్వరును వేరుగా చెప్పనక్కరలేదు. కూలివాని బిడ్డకు ఈ మాట చెప్పువా రెవ్వరు? ఆదాయపు ధ్రువపత్రమునకై గ్రామసచివాలయమునకు ఒక దినము, బ్యాంకు ఖాతాకు ఆధారు జతపరచుటకు మరియొక దినము, దరఖాస్తులో ఇంటిపేరు ఒక అక్షరము తప్పిన దానిని దిద్దించుటకు ఇంకొక దినము తిరుగవలెను. తిరిగిన దినమున తండ్రికి కూలి పోవును, బిడ్డకు పాఠము పోవును. ఒక్క పరీక్షలో తప్పినంతనే "చదువు మనకు అచ్చిరాలేద"ని పుస్తకములు కట్టిపెట్టు పిల్లలు, బుద్ధి చాలక కాదు, దారి చెప్పువారు లేక మానుచున్నారు.

దీనికి తోడు భాష యొకటి. 2021-22 విద్యాసంవత్సరమునుండి రాష్ట్రమున డిగ్రీ కళాశాలలన్నిట ఆంగ్లమాధ్యమమే యని నిర్ణయించినారు. ఆ నిర్ణయపు మంచిచెడ్డలను గూర్చి వాదింపవచ్చును. కాని పల్లెబడిలో తెలుగున చదివిన బాలిక మొదటి నెలలో అధ్యాపకుని మాట అర్థముకాక వెనుకబల్లపై మౌనముగా కూర్చుండుటను గూర్చి వాదము లేదు. ఇంట నడుగుటకు ఒక్కరును లేరు, తరగతిలో నడుగుటకు సిగ్గు. ఆ మౌనమును మందబుద్ధి యని భ్రమించు ఉపాధ్యాయులును కలరు.

రెండవది కూడు, గూడు. 2020లో నాటి ప్రభుత్వము డిగ్రీ విద్యార్థి వసతి భోజనములకై ఏటికి 20,000 రూపాయలు నిర్ణయించినది. పదినెలల చదువునకు పంచినచో రోజునకు 67 రూపాయలు. పట్టణమున గది అద్దె, రెండుపూటల భోజనము, పుస్తకములు, బస్సు కర్చు ఇందులో ఎట్లు సరిపడునో గృహస్థులైన పాఠకులే లెక్క చూచుకొందురు గాక. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియరు కళాశాలల పిల్లలకు మధ్యాహ్నభోజనము ఏర్పరచి, దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఉచితమైన పని. కాని ఇంటరు ముగిసి డిగ్రీలో చేరినంతనే ఆ బిడ్డ యాకలి తీరిపోవునా?

మూడవది సకాలము. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడన్న సామెత మనకున్నది. మంజూరైన రుసుములు నెలలకొలది బకాయి పడుట ఏ యొక్క ప్రభుత్వమునకో పరిమితమైన దోషము కాదు. పార్టీలు మారినను ఈ జాడ్యము మారలేదు. ప్రభుత్వమునుండి సొమ్ము రాలేదని యాజమాన్యము విద్యార్థిని నిలదీయును. ధ్రువపత్రములు పట్టి యుంచు చోట్లును గలవు. మూలపత్రములను కళాశాలలు తమయొద్ద నిలిపి యుంచరాదని విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము 2018లోనే శాసించినది. ఈ సంగతి తెలిసిన తండ్రి పత్రములు అడిగి తెచ్చుకొనును. తెలియని తండ్రి వడ్డీకి అప్పు తెచ్చి కట్టును, లేదా పత్రములను వదలుకొనును. శాసనము ఒక్కటే, ఫలము మాత్రము తెలిసినవానికి ఒకటి, తెలియనివానికి ఒకటి.

ఈ మూడు లోటులను తీర్చుట మన సీమకు క్రొత్త విద్య కాదు. వారములు చేసికొని చదువుకొనుట మన పెద్దలు ఎరిగినదే. దినమున కొక యింట భోజనము చేసి, ఏ యరుగుమీదనో పండుకొని, చదివి పైకివచ్చినవారు అనేకులు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో పరమపదించువరకు వేళ కాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టినారు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు బాల్యముననే తండ్రిని గోల్పోయిరి. తల్లి ఒంగోలున పూటకూళ్లయిల్లు నడపి బిడ్డలను పోషించినది. ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఆ బాలుని తమవెంట రాజమహేంద్రవరమునకు తెచ్చి చదివించినారు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రి యైన మహాపురుషుని వెనుక ఒక పూటకూళ్ల తల్లియు, ఒక బడిపంతులును ఉన్నారు. కాకినాడలో రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు 1904 మొదలు 1919 వరకు ప్రిన్సిపాలుగా నుండి, హరిజన బాలురకును, స్త్రీలకును కళాశాల తలుపులు తెరచిరి. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారు ధనమిచ్చి తోడ్పడిరి. అన్నము, ఆశ్రయము, దారి చూపు గురువు, ఈ మూడును ఒక్కచోట కలిసినందుననే ఆ తరము నిలిచినది.

అయితే ఒక నిజమును దాచరాదు. వారములిచ్చిన యిండ్లు తమ కులపు పిల్లవానికే విస్తరి వేసినవి. తరువాత వెలసిన వసతిగృహములలోను అనేకము కులమునకొకటిగా నేర్పడినవి. నాయుడుగారివంటివారు అరుదు గనుకనే వారి పేరు నేటికిని చెప్పుకొనుచున్నాము. నేడు కళాశాలకు వచ్చు మొదటి విద్యార్థులలో పలువురు, ఆనాడు ఏ యింటి యరుగును ఎక్కనీయని కుటుంబములవారు. వారికి పెద్దల సత్రము లేదు, మేనమామ పట్టణమున లేడు. కావున పాత ధర్మమును నిలిపి, దాని హద్దును చెరపవలయును.

ఇచ్చట భూస్వాములలో కొందరు చాటుగా ననుకొను మాటను బయటపెట్టుట మంచిది. "వీరందరు చదువుకొన్నచో పొలములో దిగువా డెవ్వడు?" అని. 1911లో కోనసీమలోని మామిడికుదురున పుట్టిన బోయి భీమన్నగారు ఈ ప్రశ్నకు 'పాలేరు' నాటకమున సమాధానము చెప్పియున్నారు. పాలేరు కుర్రవాడు చదివి డిప్యూటీ కలెక్టరగుట దాని కథ. మన కుమారులు హైదరాబాదునకును, అమెరికాకును పోవునప్పుడు పొలము ఏమగునని మనము విచారింపలేదు. పరుని కుమారునిపై మాత్రము ఆ భారము మోపుట న్యాయము కాదు. నాట్లకు యంత్రములు వచ్చినవి, కోతకు యంత్రములు వచ్చినవి. కూలికి న్యాయమైన ధర యిచ్చినచో మనుష్యులును వత్తురు. మరికొందరు, "చదివినను ఉద్యోగ మేది?" అందురు. ఉద్యోగము లేని చదువును ఎన్నుకొనుట దారి తెలియకపోవుటవలననే చాలవరకు జరుగుచున్నది. అది చదువు మాన్పించుటకు కారణము కాదు, దారి చూపుటకు కారణము.

చేయవలసిన పనులు అసాధ్యములు కావు. ప్రతి కళాశాలయందును ఇంటికి మొదటివారైన విద్యార్థుల పట్టిక తయారు చేసి, ముప్పదిమందికి ఒక అధ్యాపకుని పెద్దదిక్కుగా నియమింపవలెను. హాజరు తగ్గిన వారమే ఆయన కారణము విచారింపవలెను, సంవత్సరాంతమున కాదు. మొదటి మూడు నెలలు ఆంగ్లమున వెనుకబడినవారికి సాయంతన తరగతులు నడుపవలెను. పట్టణములోని న్యాయవాదులు, వర్తకులు, పూర్వవిద్యార్థులు కలిసి ఒక చేబదులు నిధి నెలకొల్పవలెను. ప్రభుత్వపు సొమ్ము ఆలస్యమైనప్పుడు వడ్డీ లేక విద్యార్థికిచ్చి, అది చేరినప్పుడు తిరిగి తీసికొనవలెను. ప్రభుత్వము సంగతి యందురా, మూడునెలల కొకసారి నిర్ణీత తేదీన రుసుములు చెల్లించుట దానికి తప్పని విధి. దానికై శాసనసభ్యులను నిలదీయుట మన విధి.

ఇక రైతుల వంతు. ఒక గ్రామమున వేయి యెకరముల వరిచేను ఉన్నదనుకొందము. ఎకరమునకు ఐదు కిలోల ధాన్యమిచ్చినచో ఐదువేల కిలోలగును. బియ్యము చేసినచో మూడువేల కిలోలకు తగ్గదు. రోజునకు అరకిలో చొప్పున పదినెలలు తినుటకు ఒక్క విద్యార్థికి 150 కిలోలు కావలెను. అనగా ఒక్క గ్రామము ఇరువదిమందికి ఏడాది పొడవునా అన్నము పెట్టగలదు. డెబ్బదియైదు కిలోల బస్తాలో ఐదు కిలోలు ఏ రైతునకును భారము కాదు. ఈ ధాన్యము కౌలుదారుని గాదెనుండి కాక, భూమి గలవాని వంతునుండియే రావలెను. ఆ అన్నము పెట్టు వసతిగృహమున కులభేదము లేక ఒక్కటే పంక్తి యుండవలెను. బాలికలకు కాపుదల గల ప్రత్యేక గృహము, మొట్టమొదట ఏర్పడవలెను. చదువు ఆగిపోవలసి వచ్చినప్పుడు పేదయింట మొదట ఆగునది కూతురి చదువే.

ఏరు దాటి తెప్ప తగులబెట్టరాదు. ఈ పత్రికను చదువు ప్రతివాని వంశములోను ఏదో యొక తరమున మొట్టమొదట పలక పట్టినవాడు ఒకడు ఉండియే యుండును. ఎవరో వానికి ఒక పూట అన్నము పెట్టిరి, ఎవరో దరఖాస్తు వ్రాసి యిచ్చిరి, ఎవరో "మానకురా, చదువుము" అని వెన్ను తట్టిరి. ఆ ఋణము తీర్చుటకు వారిప్పుడు లేరు. వారి స్థానమున అప్పు వసూలు చేసికొనుటకు వచ్చినవాడు, ఈ యేడు మన పట్టణపు కళాశాల ద్వారమున సంచి పట్టుకొని నిలిచియున్న యా మొదటి విద్యార్థియే. రాబోవు సార్వా ధాన్యము గాదె కెక్కులోపల ఏ గ్రామము ముందడుగు వేయునో చూతము.