పదివేలు ఎవరు చెప్పారు?

మినీ ప్రాజెక్ట్‌కి స్టెప్ కౌంటర్ యాప్ చేశాం. రోజుకి టార్గెట్ 10,000 అడుగులు. "ఎందుకు పదివేలే?" అని వైవాలో అడిగితే నోరు పెగల్లేదు. వెతికితే తెలిసింది, అది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ పేరట! ముందు అమ్మకం, పరిశోధన తర్వాత.

లండన్‌లో జెర్రీ మోరిస్ అలా కాదు. కూర్చునే బస్ డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని 1953లోనే లెక్క తీసి చూపించాడు.

అందుకే బీటెక్ తర్వాత ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో, అదీ థీసిస్ ఉన్న మాస్టర్సే చేయాలనుకుంటున్నా. "కంప్యూటర్స్ చదివించింది పీఈటీ సార్ అవ్వడానికా?" అన్నారు నాన్న. ఆయన భయం తప్పు కాదు, ఫీజు కట్టేది ఆయనే. కానీ యాప్‌లో నంబర్ పెట్టడం మనందరికీ వచ్చు. ఆ నంబర్ నిజమో కాదో మనుషుల్ని కొలిచి తేల్చడం ఎవరో ఒకరు నేర్చుకోవాలి కదా. ఇది నాన్నకి ఎలా చెప్పాలో తెలీక, ముందు మీకు చెప్తున్నా.