వాకిటి దీపమునకు రంగుపూఁత



గడపమీఁది దీపము లోపలికిని వెలుపలికిని వెలుఁగు నిచ్చునని చెప్పుటకు పెద్దలు దేహళీదీపన్యాయ మను మాట వాడుదురు. నేఁటి వాకిటి దీపము లోపలివారిని వెలుపలివారిని గూడ బాధించుచున్నది. స్వచ్ఛమైన ప్లాస్టిక్ మూఁతలోనుండి ఆ తెల్లని కాంతి సూటిగా కన్నులలో గ్రుచ్చుకొనును. మా యత్తగారికి ఆ మిఱుమిట్లలో మెట్టు కనఁబడక యొకనాఁడు కాలు జారినది. గోడ చేతికి దొరకుటచే దెబ్బ తప్పినది. పొరుగువారి పడకగదిలోనికి దూరి వారి నిద్రను చెఱచుటయు, తొలకరిలో ఉసిళ్లు మూఁగుటయు మన మెఱిఁగినవే.

ఎల్.ఇ.డి. దీపమున లోపల పుట్టునది నీలికాంతి. దానిపై నున్న పొడి కొంత నీలమును పసుపువన్నెగా మార్పఁగా, రెండును కలిసి తెలుపుగా తోఁచును. ఆ నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందులకే 2014లో అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించినది. రాత్రివేళ నిద్రకు తోడ్పడు మెలటోనిన్‌ను అణఁచునదియు, పురుగులను హెచ్చుగా రప్పించునదియు ఈ నీలమే. 6500 కెల్విన్ దీపమున అది హెచ్చు, 2700 దీపమున తక్కువ. బల్బు మార్చుటకు వీలున్నచో 2700 దీపమును పెట్టుటయే మేలు. వీలు లేనిచో మూఁతకు రంగు వేయవచ్చును.

విద్యుత్తు ఆపి, దీపము చల్లాఱిన పిదప మూఁత నూడఁదీసి, సబ్బునీట కడిగి నీడను ఆఱఁబెట్టుఁడు. లోపలివైపు సన్నని గరుకు కాగితముతో తేలికగా రుద్దినచో వెలుఁగు చెదరి మెత్తనగును, రంగును బాగుగా పట్టును. గాజుపై చిత్రములు వ్రాయుటకు అమ్ము నీటిరంగులలో తేనెవన్నెను తెచ్చి, కుంచెతో పలుచగా పూయుఁడు. ఆఱిన పిదప మూఁతను బిగించి చీఁకటిలో వెలిగించి చూచి, చాలనిచో మఱియొక పూఁత వేయుఁడు. మెట్టు అంచు స్పష్టముగా కనఁబడుటయే దీనికి హద్దు. రబ్బరుపట్టీ కూర్చుండు అంచునకును, నీరు పోవు రంధ్రములకును రంగు తగులరాదు.

వంటయింటి పసుపు కలిపి పూసిన, ఆ వన్నె వెలుతురునకు త్వరలోనే వెలిసిపోవును. గోళ్లరంగు తుడుచు అసిటోను తగిలినచో ప్లాస్టిక్ పగుళ్లు వాఱును. తీఁగె కాలు పాతబల్బులకును హాలొజెన్ దీపములకును ఈ పని కూడనే కూడదు. వాని వేఁడికి రంగు మాడి ప్రమాదము కలుగవచ్చును.

పని ముగిసిన పిదప రాత్రివేళ వీధిలో నిలిచి యొకమాఱు చూడుఁడు. దీపము కంటే ముందుగా మీ యింటి మెట్లు కనఁబడినచో మీ శ్రమ ఫలించినట్లే.