ఉపాధ్యాయుడు బేరమాడరాదా?



"బేరం" అన్న మాట చెవిని పడగానే మన ఉపాధ్యాయులలో పెక్కుమంది మొగం చిట్లిస్తారు. అది సంతలో వంకాయలకు చెల్లునేమో గాని సరస్వతీ సేవకు తగదని వారి అభిప్రాయం. సుప్రీం కోర్టు సైతం 1988లో సుందరాంబాళ్ కేసులో బోధనను ఉదాత్త వృత్తిగా కొనియాడి, ఉపాధ్యాయులు నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే కార్మికుల కోవలోకి రారని తీర్పు చెప్పింది. గౌరవం దక్కింది, తగవు తీర్చుకొనే వాకిలి మూతపడింది!

ప్రపంచం మాత్రం ఈ బేరాన్ని హీనంగా చూడలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో ఆమోదించిన 98వ ఒడంబడిక సమష్టి బేరసారాలను ప్రోత్సహించుమన్నది. 1966 అక్టోబరు 5న పారిస్‌లో ఆమోదం పొందిన ఉపాధ్యాయుల స్థాయిని గూర్చిన సిఫారసు మరింత సూటిగా, జీతభత్యాలూ పని పరిస్థితులూ ఉపాధ్యాయ సంఘాలతో సంప్రదించి నిర్ణయింపవలెనని పలికింది. ఆ సంస్థకు 1919 నుండి సభ్యత్వమున్న మన దేశం 87, 98 ఒడంబడికలను నేటికీ ధ్రువీకరించలేదు. ప్రభుత్వోద్యోగులపై గల నిబంధనలే అందుకు చూపే కారణం. అయితే ధ్రువీకరించకున్నను ఈ హక్కులను గౌరవించుట సభ్యదేశాల విధి యని 1998 నాటి ప్రకటన చెబుతున్నది.

"బేరమంటే సమ్మె, సమ్మెతో పిల్లల చదువు చెడదా?" అని మీరడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని కూర్చుని మాట్లాడే బల్ల లేనిచోటనే వీధి గతి యవుతుంది. తమిళనాడులో 2003 జూలైలో సమ్మెకు దిగిన సుమారు 1,70,000 మంది ఉద్యోగులను, ఉపాధ్యాయులను ప్రభుత్వం తొలగించింది. ఆగస్టులో సుప్రీం కోర్టు వారికి సమ్మె హక్కు లేదన్నది. అత్యధికులు తిరిగి కొలువులో చేరారు గాని, ఆ భయం నేటికీ మా తరం వారి మాటల్లో వినబడుతుంది. 1966 సిఫారసు చూపిన క్రమం వేరు: మొదట సంప్రదింపులు, తెగనిచోట ఉభయపక్షాల యంత్రాంగం, అదీ విఫలమైతేనే తక్కిన మార్గాలు.

ఇక మన సంగతి. పెద్ద సంఘాల కోరికల పట్టికలో జీతం, పింఛను ముందుంటాయి. అది తప్పు గాదు. తెలుగు పంతులు బాధ ఆ పట్టికకు ఎక్కదు. ఖాళీ అయిన తెలుగు పోస్టు నింపరు. ఒక్కరే రెండు మూడు తరగతులు కలిపి చెప్పాలి. పుస్తకం ఆలస్యమైతే పాఠం నల్లబల్ల మీద వ్రాసి నెట్టుకురావాలి. దీనిని మనం "భాషాభిమాన సమస్య" అంటూ మహజర్లు వ్రాస్తున్నాము, "పరిశీలించెదము" అన్న జవాబుతో తృప్తి పడుతున్నాము. నా దృష్టిలో ఇది ముమ్మాటికీ పని పరిస్థితి. ఇద్దరి పని ఒకరు చేయుట ఏ కొలువులోనైనా బేరపు విషయమే గదా! రాజ్యాంగం 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించుమన్నది. ఆ సౌకర్యాలలో మొదటిది ఉపాధ్యాయుడు.

మనం కొద్దిమందిమి. విడిగా సంఘం పెట్టుకుంటే ఎవరూ పిలిచి మాట్లాడరు. కనుక ఉన్న సంఘాలలోనే ఉర్దూ, కన్నడ, మలయాళ ఉపాధ్యాయులతో కలిసి అల్పసంఖ్యాక భాషల ఉపసంఘం కోరుదాము. అధికారులతో చర్చలకు వెళ్లే బృందంలో మనవారొకరు ఉండాలి. పోస్టు ఏ తేదీలోగా నింపెదరో, పుస్తకం ఏ నెలలో చేరునో కాగితంపై వ్రాయించి ఇరుపక్షాలూ సంతకం చేయాలి. మీ బడిలో తెలుగు పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీయో, ఒక్కొక్కరు ఎన్ని తరగతులు మోస్తున్నారో ఈ నెలలోనే లెక్కగట్టి, మీ సంఘం రాబోయే జిల్లా సమావేశానికి పట్టుకొని వెళ్లండి.