కోర్సు ఫీజా, ఏడాది సాధనా?

చిలుకూరు అనగానే మన సాఫ్టువేరు జనానికి వీసా బాలాజీ గుర్తొస్తాడు. నేను చెప్పబోయేది ఆ చిలుకూరు గురించి కాదు. కోదాడ పక్కన, సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే సూర్యాపేట జిల్లా చిలుకూరు. అక్కడ మా అక్క కొడుకు డిగ్రీ అయ్యాక రెండేళ్ళుగా కంప్యూటర్లో బొమ్మలు వేస్తున్నాడు. సినిమాలకీ గేములకీ కాన్సెప్టు ఆర్టిస్టు అవ్వాలని వాడి పట్టుదల. హైదరాబాదులో ఒక మల్టీమీడియా కోర్సుకి రెండు లక్షల పైన అడుగుతున్నారట. "కట్టమంటావా తమ్ముడూ?" అని అక్క నన్నడుగుతోంది. కంప్యూటరుకి సంబంధించిన ఏ సందేహమైనా మనకే వస్తుంది కదా, ప్రింటరు పని చెయ్యకపోయినా సరే!

కట్టొద్దనే నా మాట. ఎందుకో చెప్తాను.

ముందు ఈ ఉద్యోగం ఏమిటో. సినిమా తీసేముందు, గేము తయారుచేసేముందు, ఇంకా లేని ఊరు, కోట, ఆయుధం ఎలా ఉండాలో గీసి చూపించేవాడు కాన్సెప్టు ఆర్టిస్టు. పేరు కొత్తదే కానీ పని మనకి కొత్త కాదు. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) సినిమాలకి మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు. మాయాబజార్లో ద్వారక కోసం దాదాపు 300 బుల్లి ఇళ్ళు కట్టారు. అంత పని మొదలుపెట్టాలంటే ముందు ఎవరో ఒకరు కాగితం మీద ఆ ద్వారకని చూసి ఉండాలి కదా. బాహుబలి (2015) నాటికి అదే పని డిజిటల్ అయింది. సాబు సిరిల్ ప్రొడక్షన్ డిజైనర్, విశ్వనాథ్ సుందరం కాన్సెప్టు బొమ్మలు వేశాడు.

ఇప్పుడు సామాన్ల సంగతి. మనం చదువుకునే రోజుల్లో ఫోటోషాప్ పైరసీ సీడీ కోసం అమీర్‌పేట తిరగాల్సి వచ్చేది. ఇప్పుడా అవసరం లేదు. క్రిటా ఉచితం. అందులో పర్స్పెక్టివ్ గీతలకి అసిస్టెంటు టూలుంది. జేమ్స్ గర్నీ ప్రచారంలోకి తెచ్చిన గామట్ మాస్కు కూడా ఉంది, అంటే రంగుల చక్రంలో కొంత ముక్కనే ఉంచి మిగతాది మూసేసి బొమ్మంతా ఆ కొద్ది రంగుల్తోనే వెయ్యడం. బ్లెండరు సంగతి మీకు తెలిసే ఉంటుంది, 2002లో జనం లక్ష యూరోలు పోగుచేసి దాని సోర్సుకోడు విడిపించుకున్నారు. బ్లెండర్లో డబ్బాలు పేర్చి, కెమెరా పెట్టి, ఆ చిత్రం మీద పెయింట్ చెయ్యడం ఇవాళ పెద్ద స్టూడియోల్లోనూ మామూలు పద్ధతి. మావాడి దగ్గరున్న ఖరీదైన వస్తువు పెన్ టాబ్లెట్ ఒక్కటే.

సరే, సామాను ఉంటే సరిపోతుందా? సరిపోదు. మావాడి రెండేళ్ళ బొమ్మలు చూశాను. రోజుకో ట్యుటోరియల్ చూసి రోజుకో బొమ్మ వేశాడు. ఒక రోజు డ్రాగను, ఇంకో రోజు రోబో. ఇది మన ఆఫీసుల్లో వారానికో ఫ్రేంవర్కు నేర్చుకుని దేన్లోనూ చిన్న అప్లికేషను కూడా పూర్తిచెయ్యని వాళ్ళ పద్ధతి. రెజ్యూమె నిండుతుంది, పని రాదు. డ్రాగనుకి పొలుసులు బానే వేస్తాడు కానీ నీడ ఎటు పడాలో తెలీదు.

బీపుల్ పేరు వినే ఉంటారు. అసలు పేరు మైక్ వింకిల్‌మన్, మనలాగే కంప్యూటర్ సైన్సు చదివినవాడు. 2007 మే 1 నుంచి రోజుకో బొమ్మ వేశాడు. 2021లో మొదటి 5000 రోజుల బొమ్మల్ని కలిపి వేలంలో 6.93 కోట్ల డాలర్లకి అమ్మాడని అందరూ ఆ అంకెనే పట్టుకున్నారు. (ఆ ఎన్‌ఎఫ్‌టీ గోల నాకసలు నచ్చదు, అది వేరే విషయం.) నాకు పనికొచ్చింది అతని క్రమం. మొదటి ఏడాదంతా చేత్తో స్కెచ్చులు, ఆ తర్వాతే సినిమా 4డి. ఒకదాని మీద అన్నాళ్ళు కూర్చోవడమే సాధన.

అందుకే మావాడికి చెప్పాను. మూడు నెలలు రంగు ముట్టుకోకు. నలుపు, తెలుపు, మధ్యలో మూడు బూడిద రంగులు, అంతే. బొమ్మని అరచేతంత చేసి చూస్తే ఏది దగ్గరో ఏది దూరమో తెలియాలి. తెలీకపోతే మళ్ళీ వెయ్యి. ఆ తర్వాత రంగు, ఆ తర్వాత బ్లెండరు.

ఇంకో మాట కూడా చెప్పాను, అదే అసలు మాట. వాడి బొమ్మల్లో పైన్ చెట్లు, మంచుకొండలు, యూరప్ కోటలు. వాడు మంచు చూసిందెక్కడ? ఆర్ట్‌స్టేషన్లో! ప్రపంచమంతా అవే చూసి అవే వేస్తున్నారు. వాడి జిల్లాలోనే ఫణిగిరి ఉంది. అక్కడి బౌద్ధ తోరణపు శిల్పం 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళొచ్చింది. సూర్యాపేటని ఆనుకుని పిల్లలమర్రి గుళ్ళున్నాయి, ఆ నల్లరాతి స్తంభాల మీద మధ్యాహ్నం వెలుగు ఎలా జారుతుందో గంటసేపు కూర్చుని గియ్యొచ్చు. కాలువ గట్టు, నాట్లప్పుడు నీళ్ళలో తలకిందులైన ఆకాశం, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ములో పొద్దుగుంకే సూర్యుడు. సైన్సు ఫిక్షన్ గేముకి ఇంతకన్నా ఏం కావాలండీ?

"ఇంకా ఈ గీతలెందుకు, ఏఐ వచ్చాక?" అని మీరడుగుతారని తెలుసు. 2022లో స్టేబుల్ డిఫ్యూజన్, మిడ్‌జర్నీ వచ్చాక ఈ రంగంలో భయం నిజమే, కొట్టిపారేయను. గంటల తరబడి వేసే అందమైన బొమ్మ నిమిషంలో వస్తోంది. ఒక ఏఐని కోదాడ దగ్గర వరిపొలం వెయ్యమన్నాను, కొండ మీద మెట్లమెట్లుగా ఏ వియత్నాందో ఇచ్చింది. రేపు అది కూడా సరిగ్గా ఇవ్వొచ్చు. కానీ డైరెక్టరు అడిగేది అందం కాదు. "మెట్లు ఎడమకి జరిపితే గుర్రం ఎక్కడ తిరుగుతుంది? తలుపు తెరిస్తే వెలుగు ఎవరి మీద పడుతుంది?" అంటాడు. దానికి జవాబు కూర్చుని గీసినవాడి దగ్గరే ఉంటుంది. డ్రాగన్లు మాత్రమే వేసేవాడి ఉద్యోగం పోతుంది, నేనొప్పుకుంటాను. ఏడాది చూసి వాడి చెయ్యి కదలకపోతే వేరే దారి చూసుకోమనీ చెప్పాను. అక్కకి ఆ మాటే ఎక్కువ నచ్చింది.

కోర్సు వల్ల అసలు లాభమే లేదా అంటే, ఒకటుంది. తప్పు చెప్పేవాళ్ళు దొరుకుతారు. చిలుకూరులో వాడి బొమ్మ చూసి "సూపర్‌రా" అనేవాళ్ళే కానీ, ఈ గోడకి రెండు సూర్యుళ్ళున్నాయేంట్రా అనేవాడు లేడు. ఒంటరి సాధనలో నిజంగా లేనిది అదొక్కటే, దానికి రెండు లక్షలు దండగ. మీలో గేము కంపెనీల్లో, గ్రాఫిక్స్ టీముల్లో పనిచేసేవాళ్ళుంటారు. ఊళ్ళో ఇలాంటి పిల్లలు మీకూ తగులుతారు. నెలకో అరగంట వాళ్ళ బొమ్మలు చూసి, మనం కోడ్ రివ్యూలో చూపించే కర్కశత్వంలో సగం చూపించండి చాలు.